తెలుగులో ‘రేపటి’ ఫాంటు గీస్తుంటే మ, వు ఒకటైపోతున్నాయి. ఎక్కడ సర్దాలి?

అరండల్‌పేట_గీత
టైటిళ్ళకీ పోస్టర్లకీ పనికొచ్చేలా, అంతరిక్ష నౌక ఒంటిమీద రాసినట్టుండే తెలుగు ఫాంటు ఒకటి గీస్తున్నాను. ఫాంట్‌ఫోర్జ్ అనే ఫాంట్లు గీసే ప్రోగ్రాములో, 1000 యూనిట్ల చదరం మీద. అక్షరం ఒళ్ళు 600 ఎత్తు, గీత మందం అంతటా 90. మూలలన్నీ నలుచదరంగా ఉండి అంచులో కొంచెం తిరుగుతాయి. తలకట్లు అన్నిటికీ తీసేశాను, నున్నగా కనబడాలని. అచ్చులు, హల్లులు, వత్తులు గీయడం అయిపోయింది.

ఇప్పుడు ఇబ్బందులు. మ, వు పక్కపక్కన పెడితే తేడా లేదు. ‘రంగం’ అని కొడితే ఏది ర, ఏది సున్న అన్నది తెలియదు. ప, ష, స, హ నాలుగూ దూరం నుంచి ఒకటే పెట్టె. ‘చిక్కి’ కొడితే మొదటి క మీద పొల్లు నిలబడిపోయి గుడి రెండో క మీదికి పోతోంది. ఫ్లెక్సు షాపులో ఫైలు తెరిస్తే వత్తులన్నీ ఊడిపోయి వరసగా నిలబడుతున్నాయి.

గీతలు మారిస్తే సరిపోతుందా, అసలు ఆలోచనే మార్చాలా?

తలకట్టు_కావాలి
ర మీద తలకట్టు తీస్తే మిగిలేది సున్నే కదండీ. ఠ అయితే చుక్క పెట్టిన సున్న. గ అయితే ఉత్త కమాను. తలకట్టు అలంకారం కాదు, అక్షరంలో భాగం. తిరిగి పెట్టండి.

చదరపుసున్న
అంత తీర్పు ఇచ్చేయక్కర్లేదు. ఖ ఙ జ ఞ ట ణ బ ల ఱ, ఈ తొమ్మిదింటికి ఎప్పుడూ తలకట్టు లేదు. చదవట్లేదా? మిగతావాటికి కూడా గుడి గానీ ఎత్వం గానీ రాగానే ఎగిరిపోద్ది. అది లేకుండా చదవడం తెలుగు కంటికి అలవాటే. ర, ఠ రెంటికీ ఉంచి మిగతావాటికి తీసేస్తే చాలు.

తలకట్టు_కావాలి
@చదరపుసున్న తలకట్టు పోయిన చోటికి గుడి వస్తుంది, ఎత్వం వస్తుంది. ఆ చోటు ఖాళీగా ఉండదు. గీత గారు చేసింది చోటునే ఖాళీ చేయడం. రెండూ ఒకటి కావు.

బెజవాడ_బెజియర్
ఫ్యూచరిస్టిక్ అనగానే కళ్ళముందుకొచ్చే రూపం ఎక్కడినుంచి వచ్చిందో చూస్తే ఈ చిక్కు సగం విడిపోద్ది.

ఒక దారి ఇటలీది. 1952లో మైక్రోగ్రామా అనే ఫాంటు వచ్చింది, అందులో పెద్దక్షరాలే. దాన్ని పెంచి 1962లో ఆల్డో నోవరేసే యూరోస్టైల్ గీశాడు. గుండ్రానికీ చతురస్రానికీ నడుమ రూపం, అప్పటి టీవీ తెరలాంటిది. గీత గారు పట్టుకున్నది ఈ దారే.

రెండోది చెక్కుల దారి. ఇంట్లో ఉన్న ఏ బ్యాంకు చెక్కయినా తీసి అడుగు అంచు చూడండి. అక్కడ వరసగా ఉండే వింత అంకెల పేరు ఈ-13బీ. పది అంకెలు, నాలుగు గుర్తులు, మొత్తం 14. కొన్నిచోట్ల గీత ఉన్నట్టుండి ఉబ్బి దిమ్మలా ఉంటుంది. అది అందానికి పెట్టింది కాదు. ఆ అంకెలు అయస్కాంత సిరాతో అచ్చవుతాయి. చెక్కు మిషను కిందనుంచి జారేటప్పుడు ఒక్కో అంకె ఒక్కో తీరు సిగ్నల్ ఇవ్వాలి, ఒకదాని సిగ్నల్ ఇంకోదానితో కలవకూడదు. అందుకని బరువు అక్కడ పెట్టారు. 1970లో బాబ్ న్యూమన్ లెట్రాసెట్ అనే అక్షరాల కంపెనీకి ‘డేటా 70’ గీసినప్పుడు ఆ దిమ్మల పోకడని ఇంగ్లీషు అక్షరాలన్నిటికీ తెచ్చాడు. అలాంటివి చూసీ చూసీ కంప్యూటర్ రాత అంటే అదే రూపం అని జనానికి ముద్రపడింది.

తెలుగుకి మనం తెచ్చుకోవాల్సింది ఆ దిమ్మల రూపాన్ని కాదు. దిమ్మ ఎక్కడ పెట్టాలో తేల్చిన లెక్కని. ఏ రెండు అక్షరాలు కలిసిపోతాయో అవి విడిపోయే తావులోనే బరువు ఉండాలి. తెలుగులో ఆ తావులు ముఖ్యంగా నాలుగు: తలకట్టు, ఠ థ పొట్టలో చుక్క, ఛ ఢ థ ధ ఫ భ అడుగున ఉండే చిన్న నిలువు గీత, కొమ్ము మొదలయ్యే చోటు. ఒళ్ళంతా 90 బదులు 70కి దించి ఈ నాలుగు తావుల్లో 130 పెట్టండి. ఒళ్ళు ఎంత నలుచదరమైనా అప్పుడు తట్టుకుంటుంది. చూడగానే కొత్తగానూ ఉంటుంది, ఎందుకంటే ఇంగ్లీషు ఫాంట్లలో అలాంటి చోట్ల బరువు ఉండదు.

లిపిప్రియ
బెజియర్ గారి నాలుగో తావు గురించి కొంచెం విడమరుస్తాను, మ/వు గొడవ అక్కడిదే.

మామూలు అచ్చులో కు, తు, ను లాంటివాటికి కొమ్ము కుడిపక్కన తగులుతుంది. పు, ఫు, వు మూటికీ అలా కాదు. కొమ్ము అక్షరం కిందనుంచి మొదలై కుడివైపుకు లేస్తుంది. కారణం తేలికే: వ కుడిపక్కన కొమ్ము తగిలిస్తే అది మ అయిపోతుంది. ప పక్కన తగిలిస్తే హ అనో ఘ అనో కనబడుతుంది. గీత గారూ, మీ ఫైలులో కొమ్ము ఒకటే గ్లిఫ్ (ఫాంటులో గీసిన ఒక బొమ్మ) ఉండి అన్ని హల్లులకీ ఒకే యాంకర్ (గుర్తు అతికే చోటు) మీద కూర్చుంటూ ఉండాలి. రెండో కొమ్ము గీయండి, ‘కొమ్ము.కింద’ అని పేరు పెట్టండి. ప, ఫ, వ తర్వాత కొమ్ము వస్తే దాన్నే వేయమని రూలు రాయండి. కొమ్ము దీర్ఘానికి కూడా అంతే.

ఆ రెండో కొమ్ము బేస్‌లైన్ (అక్షరాలు నిలబడే గీత) కింద కనీసం 120 యూనిట్లు దిగాలి. 40, 50 దిగితే గీతలో వణుకు అనుకుంటారు తప్ప వేరే అక్షరం అనుకోరు.

అరండల్‌పేట_గీత
అవును, కొమ్ము ఒకటే ఉంది. విడగొడతాను. మొ, మో, యొ, యో కూడా ఈ లెక్కలోకే వస్తాయా? ఒత్వం గ్లిఫ్ పెడితే మో పరాయిదానిలా కనిపిస్తోంది.

లిపిప్రియ
వస్తాయి. మ, య, ఘ, ఝ నాలుగింటికీ ఒత్వం మామూలు రూపంలో రాదు. ఎత్వం పెట్టి పక్కన కొమ్ములాంటి తోక వేస్తాం, దీర్ఘమైతే ఆ తోకే సాగుతుంది. నాలుగు హల్లులకి రెండేసి, మొత్తం ఎనిమిది గ్లిఫులు. యాంకర్లతో కుస్తీ పట్టకుండా ఎనిమిదీ విడిగా గీసేయడం మేలు. ‘యోగం’, ‘మోత’ పోస్టరు మీద మాటిమాటికీ వచ్చే మాటలు కూడాను. హా కూడా విడిగా గీయండి, దీర్ఘం అక్కడ మామూలుగా అతకదు.

వత్తుల_వాసు
‘చిక్కి’ సంగతి గీతలది కాదు, లుకప్‌లది, అంటే ఏ అక్షరాల బదులు ఏ గ్లిఫ్ వేయాలో చెప్పే రూల్సుది. వత్తుల రూల్సు ఏ ఫీచర్‌లో (రూల్సు గుంపులో) పెట్టారు? ‘లిగా’లోనో ‘బీఎల్‌డబ్ల్యూఎస్’లోనో ఉంటే ఇట్టాగే అవుద్ది.

జరిగేది ఇది. హార్ఫ్‌బజ్ అనే షేపర్, అంటే అక్షరాల్ని గ్లిఫులుగా పేర్చే ప్రోగ్రాము, ముందుగా ఫాంటుని ఒక మాట అడుగుద్ది: పొల్లు, క వరసగా వస్తే నీ దగ్గర వత్తు ఉందా అని. ఆ మాట అడిగేది ‘బీఎల్‌డబ్ల్యూఎఫ్’, ‘పీఎస్‌టీఎఫ్’ లాంటి మొదటి దశ ఫీచర్లలోనే. అక్కడ జవాబు లేకపోతే, దీనికి వత్తు లేదు కాబట్టి రెండో కనే అసలు అక్షరం అని తేల్చేసుద్ది. గుడి దానికే ఉండిపోద్ది, మొదటి కకి పొల్లు మిగిలిపోద్ది. తర్వాత మీరు ఎక్కడ ఎన్ని రూల్సు రాసినా అప్పటికే వరస ఖాయమైపోయింది.

చేయాల్సింది:

స్క్రిప్ట్ ట్యాగు (ఏ లిపో చెప్పే గుర్తు) ‘టీఈఎల్2’ పెట్టండి. దాని కింద ముందు ‘ఏకేహెచ్ఎన్’లో క, పొల్లు, ష మూడూ కలిపి క్ష. తర్వాత ‘బీఎల్‌డబ్ల్యూఎఫ్’లో పొల్లు ముందు, హల్లు వెనక, రెండూ కలిపి వత్తు. ఇట్టా 35 రూల్సు. పాత ట్యాగు ‘టీఈఎల్‌యూ’లో ఈ వరస తిరగబడుద్ది, హల్లు ముందు పొల్లు వెనక. పాత ఫాంటు లుకప్‌లు చూసి రాసేవాళ్ళకి ఇక్కడే తేడా కొడుద్ది.

ఇది సరిగా ఉంటే షేపర్ తనంతట తనే గుడిని వత్తుకి ముందుకు తెచ్చుద్ది. అంటే క, గుడి, క-వత్తు అనే వరసలో గ్లిఫులు వస్తాయి. అందుకని క, గుడి కలిపి కి చేసే రూలు ఒక్కటి రాస్తే చాలు, కింద ఏ వత్తున్నా పనిచేసుద్ది. కి-క-వత్తు, కి-ర-వత్తు అని విడివిడిగా రాయబోకండి, వందల్లోకి పోద్ది.

సరిచూసుకోడానికి ‘హెచ్‌బీ-షేప్’ కమాండు వాడండి. బొమ్మ కాకుండా గ్లిఫుల పేర్లు వరసగా చూపిస్తది. తప్పు ఏ మెట్టులో ఉందో పేర్లలో తెలిసిపోద్ది.

అరండల్‌పేట_గీత
ఫీచర్ మార్చాక చిక్కి కుదిరింది. వాసు గారికి దండం. ఇప్పుడు ‘రాష్ట్రం’లో ట వత్తు, ర వత్తు ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయి.

వత్తుల_వాసు
అది నా ఖాతా కాదు, కొత్తపేట వాళ్ళది 😄

కొత్తపేట_కర్నింగ్
వత్తు మీద వత్తు వచ్చినప్పుడు రెండు పద్ధతులు. కిందికి పేర్చడం, పక్కకి పెట్టడం. డిస్‌ప్లే ఫాంటుకి పక్కకి పెట్టడమే మంచిది. పేరిస్తే లోతు 550 దాటిపోద్ది, టైటిల్లో రెండో లైను పెట్టడానికి చోటుండదు.

ర వత్తు పై అక్షరం కిందనుంచి చుట్టి వస్తుంది కదా. అందుకే ఇంకో వత్తు ఉంటే కొట్టుకుంటుంది. ష్ట్ర, స్త్ర రెంటిలో ఒక్కోదానికి వత్తులు కలిపి గీసిన ఒక్కో గ్లిఫ్ చేయండి: ట-వత్తు+ర-వత్తు, త-వత్తు+ర-వత్తు. ‘బీఎల్‌డబ్ల్యూఎస్’ అసలు పనికొచ్చేది దీనికే. వీటితో పాటు త్స్న, త్స్య, క్ష్మ, క్ష్య చూసుకుంటే పోస్టర్ల మీద వచ్చే మాటల్లో చాలావరకు గట్టెక్కుతాయి.

వత్తుల కొలతలు కూడా చెప్తా. ఒళ్ళు 600 అయితే వత్తు 360 నుంచి 380. బేస్‌లైన్ కింద 30 వదిలి మొదలుపెట్టండి. పెద్దక్షరాన్ని 60 శాతానికి కుదించి వత్తు అనకండి, 90 గీత 54 అయిపోద్ది, పక్కన నిలబడలేదు. గీత 76 దాకా ఉండేలా విడిగా గీయాలి. చాలా వత్తులు తలకట్టు లేని హల్లే కాబట్టి గీయడం సులువు. క త న మ య ర ల, ఈ ఏడింటి వత్తులు మాత్రం రూపమే వేరు. మీ పెట్టె రూపంలోకి తెచ్చేటప్పుడు ఈ ఏడింటి మీదే ఎక్కువ పని ఉంటుంది. మ వత్తు, య వత్తు, న వత్తు మూడూ చతురస్రం చేస్తే దగ్గరైపోతాయి, జాగ్రత్త.

వత్తుకి వెడల్పు సున్న పెట్టి యాంకర్ మీద వేలాడదీయకండి. ‘అమ్మమ్మ’, ‘చెల్లెళ్ళు’, ‘పువ్వుల్లో’ కొట్టి చూడండి, వరసగా వచ్చే వత్తులు గుద్దుకుంటాయి. వత్తుకి తన వెడల్పు తనకి ఇచ్చి, ఎడమవైపు మైనస్ 180, 200 దాకా లోపలికి జరపండి. పక్క అక్షరం దానంతట అదే తప్పుకుంటుంది.

చివరిగా, ఫాంట్ ఇన్ఫోలో విన్ ఎసెంట్, విన్ డిసెంట్ అని రెండు గడులుంటాయి. గుడి దీర్ఘం పైకొస ఎంతో, స్త్రీ అడుగు ఎంతో కొలిచి ఇంకో 20 కలిపి పెట్టండి. తక్కువైతే విండోస్‌లో కొన్ని ప్రోగ్రాములు వత్తుల కింద అంచు కోసేస్తాయి.

చదరపుసున్న
తలకట్టు దగ్గరికి మళ్ళీ వస్తా. 1967లో విమ్ క్రౌవెల్ అనే డచ్ డిజైనర్ ‘న్యూ ఆల్ఫబెట్’ గీశాడు. అప్పటి ఎలక్ట్రానిక్ టైప్‌సెట్టింగ్ తెర గుండ్రాల్ని సరిగా గీయలేదు కాబట్టి నిలువు, అడ్డం గీతలే వాడి, మూలలు 45 డిగ్రీల్లో కోశాడు. కొన్ని అక్షరాలు పోల్చుకోవడమే కష్టం. అయినా 1997లో దాన్ని డిజిటల్ ఫాంటుగా కూడా తెచ్చారు. చదవడం కష్టమైనా ప్రయోగానికి విలువ ఉంటుంది. తెలుగులో ఆ స్వేచ్ఛ ఎందుకు తీసుకోకూడదు?

తలకట్టు_కావాలి
తీసుకోండి. కానీ గీత గారు అడిగింది టైటిళ్ళకీ పోస్టర్లకీ పనికొచ్చే ఫాంటు. క్రౌవెల్ చేసింది ప్రతిపాదన. ఊళ్ళో గోడమీద పోస్టరు చూసేవాడు బండి మీద వెళ్తూ చూస్తాడు.

లిపిప్రియ
ఇద్దరి మాటా నిలిచే దారి ఉంది. మామూలు సెట్టులో తలకట్టు ఉంచండి. తలకట్టు ఉండే 27 హల్లులకీ (క్షతో కలిపి) అది తీసేసిన రూపాలు ఎలాగూ గీయాలి, గుడి ఎత్వం అతకడానికి అవే కావాలి కదా. వాటినే ‘ఎస్ఎస్01’ స్టైలిస్టిక్ సెట్టుగా ఇవ్వండి, ర, ఠ తప్ప. ఇల్లస్ట్రేటర్‌లోనో వెబ్‌లోనో కావాల్సినవాళ్ళు ఆన్ చేసుకుంటారు. కొత్తగా ఒక్క గ్లిఫ్ కూడా గీయక్కర్లేదు.

ఫోనులో పిక్సెల్‌ల్యాబ్, కైన్‌మాస్టర్ వాడేవాళ్ళ కోసం అదే రూపాన్ని వేరే పేరుతో రెండో ఫైలుగా ఎగుమతి చేసి ఇస్తే సరి.

చదరపుసున్న
ఇది బాగుంది. ఒప్పుకున్నా.

తలకట్టు_కావాలి
నేనూ. డిఫాల్ట్‌లో ఉంటే చాలు నాకు.

లిపిప్రియ
తలకట్టు మళ్ళీ పెట్టేటప్పుడు ఇంకో మాట. చతురస్రం శైలి కదా అని తలకట్టుని అడ్డంగా చదును చేసేయాలనిపిస్తుంది. చేస్తే అందరూ కన్నడ బోర్డా అంటారు. కన్నడంలో తలగీత అడ్డంగా ఉంటుంది, తెలుగులో టిక్కు మార్కులా పైకి లేస్తుంది. మొత్తం పేజీ ఏ భాషదో కన్ను ముందు అక్కడే పట్టేస్తుంది. టిక్కు చిన్న కాలు ఎంత పొట్టిదైనా పర్లేదు, పొడుగు కాలు కనీసం 30 డిగ్రీలు లేవాలి. చివర గుండ్రం బదులు నిలువుగా కోసేయండి, అదొక్కటే చాలు యంత్రం గీసినట్టు కనబడటానికి.

ప, ఫ, ష, స, హ, ఘ ల తలకట్టు ఒంటికి అంటదు, విడిగా తేలుతుంది. ఆ సందు 60కి తగ్గనివ్వకండి.

అరండల్‌పేట_గీత
సందుల లెక్క ఎలా తేల్చాలి? తెర మీద పెద్దగా చూస్తే అన్నీ బాగానే ఉన్నాయి.

బెజవాడ_బెజియర్
ఎంత చిన్నగా వాడతారో దాన్నిబట్టి. ఫోనులో వీడియో థంబ్‌నెయిల్ మీద అక్షరం 40 పిక్సెళ్ళలో పడుద్ది అనుకోండి. 30 యూనిట్ల సందు అంటే 30 భాగించు 1000, ఇంటూ 40, అంటే 1.2 పిక్సెల్. మసకైపోద్ది, ద ధ ఒకటైపోతాయి. 60 పెడితే 2.4 పిక్సెళ్ళు, నిలబడుద్ది. ధ అడుగు గీత పక్కన, థ చుక్క చుట్టూ, ప తలకట్టు కింద, అన్నిచోట్లా 60 కనీసం అనుకుని గీయండి. ఎక్కడన్నా చోటు చాలకపోతే ఒళ్ళు వెడల్పు చేయండి గానీ సందు తగ్గించొద్దు.

వంపుల గురించి కూడా ఇక్కడే చెప్తా. గుండ్రం కావాలంటే బెజియర్ హ్యాండిల్ (వంపుని లాగే పిడి) పొడవు వ్యాసార్థంలో 55 శాతం. మీకు కావల్సిన టీవీ తెర మూలకి 75 నుంచి 82. 90 దాటితే మూల దగ్గర వంపు విరిగి మొటిమలా కనబడుద్ది. అన్ని అక్షరాల్లో ఒకటే శాతం పట్టుకోండి, అదే ఫాంటుకి ఒక కుటుంబం పోలిక తెచ్చేది. గుండ్రం అంచు బేస్‌లైన్‌ని 8, 10 యూనిట్లు దాటాలి, లేకపోతే పక్కనున్న చదును అడుగు అక్షరం కన్నా పొట్టిగా కనబడుద్ది. అడ్డగీత నిలువుగీతకన్నా 6 నుంచి 8 తక్కువ పెట్టండి. రెండూ కచ్చితంగా సమానం పెడితే కంటికి అడ్డగీతే లావుగా తోచుద్ది.

ఆటోనగర్_స్టిక్కర్
లారీ అద్దాల మీద రేడియం స్టిక్కర్ కటింగ్‌కి ఇట్టాంటి ఫాంట్లే అడుగుతారు, అందుకని నా వైపు నుంచి.

కటింగ్ ప్లాటర్‌కి రంగు తెలవదు, అంచు గీత ఒక్కటే తెలుసు. క మీద గుడి రెండు ముక్కలుగా ఒకదాని మీద ఒకటి పడుంటే, తెర మీద కలిసి కనబడతయ్యి, కత్తి మాత్రం రెండు అంచుల మీదా నడుసుద్ది. అతుకు దగ్గర చీలిపోద్ది. ఎగుమతి ముందు రిమూవ్ ఓవర్‌ల్యాప్ కొట్టాలి. యాంకర్ మీద కూర్చునే గుడులు ఫాంటులో విడిగా ఉంటయ్యి కాబట్టి, డిజైన్‌లో కర్వ్స్ చేశాక వెల్డ్ (ముక్కలన్నీ ఒకటి చేయడం) కూడా చెయ్యాలి.

రెండోది, 2 మిల్లీమీటర్ల కన్నా సన్నం పట్టీ ఒలిచేటప్పుడు తెగుద్ది. 3 అంగుళాల చదరంలో అక్షరం వేస్తే 1000 యూనిట్లు అంటే 76 మిల్లీమీటర్లు. బెజియర్ గారి 70 గీత 5.3 మిల్లీమీటర్లు వస్తది, బాధ లేదు. అదే అంగుళంలో వేస్తే 1.8కి పడిపోద్ది. చిన్న సైజుకి బోల్డు ఒకటి ఉండాల.

కొత్తపేట_కర్నింగ్
@ఆటోనగర్_స్టిక్కర్ అక్రిలిక్ లేజర్ కటింగ్‌కి స్టెన్సిల్ రూపం అడిగితే?

ఆటోనగర్_స్టిక్కర్
లోపలి సున్నలన్నీ రాలిపోతయ్యి, వంతెన పెట్టాల. ర, ఠ, వ చుట్టు, గుడి, సున్న, అన్నిటికీ. వంతెన వెడల్పు అక్రిలిక్ మందానికి తగ్గకూడదు, 3 మిల్లీమీటర్ల షీటుకి 3. ఠ చుక్కకి విడిగా వంతెన పెట్టాల, లేకపోతే చుక్క పోయి ర మిగులుద్ది. వంతెనలన్నీ ఒకే దిక్కున, ఏటవాలుగా పెడితే అదే డిజైన్ అయిపోద్ది, చూడ్డానికి బాగుంటది.

చదరపుసున్న
ఏటవాలు వంతెనల తెలుగు స్టెన్సిల్! గీత గారూ, తర్వాతి ఫాంటు ఖాయం.

వత్తుల_వాసు
ఆటోనగర్ గారు చెప్పిన అతుకుల సంగతి వీడియో వాళ్ళకి కూడా తగులుద్ది. టైటిల్‌కి లోపల ఖాళీ, అంచు గీత ఎఫెక్టు పెడితే క మీద గుడి అతుకు గీతలన్నీ బయటపడతాయి. ఫ్యూచరిస్టిక్ టైటిళ్ళకి మెరిసే అంచు పెట్టనివాళ్ళు ఎవరు?

అందుకని గుణింతాలు ముందే కలిపేసి పెట్టుకోండి. 36 హల్లులు (క్షతో కలిపి), ఎనిమిది గుర్తులు: గుడి, గుడి దీర్ఘం, ఎత్వం, ఎత్వ దీర్ఘం, ఒత్వం, ఒత్వ దీర్ఘం, ఔత్వం, పొల్లు. 288 గ్లిఫులు. చేత్తో చేయక్కర్లా. ఫాంట్‌ఫోర్జ్‌లో పైథాన్ స్క్రిప్టు పెట్టొచ్చు: తలకట్టు లేని హల్లు తీసుకో, యాంకర్ తావులో గుర్తు పెట్టు, రెఫరెన్సులు (అతికించిన కాపీలు) విడగొట్టు, దిశ (అంచు గీత చుట్టుకునే వైపు) సరిచెయ్, ఓవర్‌ల్యాప్ తీసేయ్, అంచుల్లో ఎక్స్‌ట్రీమా పాయింట్లు (వంపు పైకొస, కిందికొస, పక్కకొసల దగ్గర ఉండేవి) కలుపు, అంకెలు పూర్ణాంకాలు చెయ్. ఈ వరస తప్పకూడదు. ఓవర్‌ల్యాప్ తీసే ముందు దిశ తప్పుగా ఉంటే గుడి లోపలి ఖాళీ నిండిపోయి నల్లముద్ద అవుద్ది.

తర్వాత ఒకసారి 288నీ కంటితో చూడాలి. ఘ, ఝ, య, హ, మ దగ్గర యాంత్రికంగా కలిపినవి బాగుండవు. వాటిని చేత్తో సర్దండి.

గవర్నర్‌పేట_డీటీపీ
ఫ్లెక్సు షాపు సంగతి ఎవరూ ఎత్తలేదు. ఫాంటులో లోపం కాదది. ఎన్నో షాపుల్లో నేటికీ పేజ్‌మేకర్‌లోనో పాత కోరల్‌లోనో ‘అను’ అనే పేరున్న ఫాంట్లతో పని. అవి యూనికోడ్ కాదు, ఇంగ్లీషు అక్షరాల గడుల్లో తెలుగు ముక్కలు కూర్చిన ఫాంట్లు. ఆ ప్రోగ్రాములకి మీ లుకప్‌లు చదవడం రాదు, ఉన్నది ఉన్నట్టు వరసగా పెట్టేస్తాయి. వత్తులు ఊడి నిలబడటం అంటే అదే.

మీరు ఇంట్లోనే ఇంక్‌స్కేప్‌లో మాట టైపు చేసి, ఆబ్జెక్ట్‌ని పాత్‌గా (అక్షరాల్ని ఉత్త బొమ్మ గీతలుగా) మార్చి, పీడీఎఫ్ చేసి ఇవ్వండి. షాపుకి ఫాంటు అసలు ఇవ్వక్కర్లేదు. పాత ఫోటోషాప్‌లో ఊడిపోతుంటే ప్రిఫరెన్సుల్లో టైప్ పేజీకి వెళ్ళి దక్షిణాసియా భాషల టెక్స్ట్ ఇంజిన్ ఎంచుకుని, ప్రోగ్రామ్ మూసి మళ్ళీ తెరవండి. ప్రీమియర్‌లో అదే గ్రాఫిక్స్ పేజీలో ఉంటుంది.

అక్షరదోషం ఉందేమో పాత్‌గా మార్చక ముందే చూసుకోండి, తర్వాత దిద్దలేరు.

నియాన్_నాని
చాట్ బండ్ల వాళ్ళు, కేఫ్‌ల వాళ్ళు ఎల్ఈడీ నియాన్ బోర్డులకి ఇట్టాంటి ఒంటిగీత ఫాంటు అడుగుతున్నారు. దానికి గీత మందం అక్కర్లేదు, నడిమి గీత కావాలి. గీత గారు నడిమి గీతల ఫైలు విడిగా దాచి ఉంచితే రెండు పనులకీ వస్తుంది. 12 వోల్టుల నియాన్ ఫ్లెక్స్ మామూలుగా 2.5 సెంటీమీటర్లకి ఒకచోట మాత్రమే కోయగలం, మీటరుకి 120 ఎల్ఈడీలుంటే మూడేసి ఒక ముక్క. అందుకని విడిగా ఉండే ప్రతి ముక్కా, అంటే ప తలకట్టు, ధ అడుగు గీత, కనీసం 2.5 సెంటీమీటర్లు రావాలి. థ చుక్క నియాన్‌లో కుదరదు, చిన్న అడ్డగీతగా మార్చాలి.

అరండల్‌పేట_గీత
నడిమి గీతలు ఇంక్‌స్కేప్‌లో ఉన్నాయి, పారేయలేదు. ఎక్స్‌పాండ్ స్ట్రోక్ (గీతకి మందం ఇచ్చే కమాండు) చేశాక పాయింట్లు మరీ ఎక్కువ వస్తున్నాయి, దానికేం చేయాలి?

బెజవాడ_బెజియర్
సింప్లిఫై ఒకటి రెండు యూనిట్ల తేడాకి మించనివ్వకుండా కొట్టండి. మూలల్లో పాయింట్లు మాత్రం చేత్తో చూడాలి. ఒక వంపుకి రెండు చివర్లా ఎక్స్‌ట్రీమా పాయింట్లు, మధ్యలో ఏమీ లేకుండా ఉంటే శుభ్రం.

తలకట్టు_కావాలి
లుకప్‌లన్నీ మొదట్నుంచి రాసే బదులు ఉన్న ఫాంటు నుంచి తీసుకోవచ్చా? హింద్ గుంటూరు ఉందిగా. మన ఊరి పేరే పెట్టుకుంది, పరాయిదేం కాదు.

లిపిప్రియ
తీసుకోవచ్చు. హింద్ గుంటూరు, నోటో సాన్స్ తెలుగు, రామభద్ర, ధూర్జటి ఇవన్నీ ఓపెన్ ఫాంట్ లైసెన్సులో ఉన్నవే. షరతులు రెండు గుర్తుపెట్టుకోండి. వాటినుంచి చేసింది కూడా అదే లైసెన్సుతో ఇవ్వాలి. ఫాంటు పేరు రిజర్వ్ చేసి ఉంటే ఆ పేరు వాడకూడదు. గౌతమి, నిర్మలా యూఐ లాంటివి విండోస్‌తో వచ్చినవి, వాటిని విప్పి వాడకూడదు.

కానీ గ్లిఫుల పేర్లు వాళ్ళవి వేరు, మీవి వేరు. లుకప్‌లు తెచ్చుకుంటే ముందు వాళ్ళ పేర్లకి మీ గ్లిఫులు మార్చుకోవాలి.

చదరపుసున్న
అంకెల మాటేంటి? ౦ కూడా సున్నలాగే, రలాగే ఉంటుంది.

కొత్తపేట_కర్నింగ్
తెలుగు అంకెలు చివర్లో గీసుకోవచ్చు, పోస్టరు మీద తేదీకి 1 2 3 లే వాడతారు. వాటి ఎత్తు మాత్రం తెలుగు ఒంటికి సమానంగా 600 పెట్టొద్దు. తలకట్టు, గుడి పైకి లేస్తాయి కాబట్టి అంకెలు కుంగినట్టు కనబడతాయి. 660, 670 దగ్గర పెట్టి ‘15న విడుదల’ కొట్టి చూడండి. ౦ గీసేటప్పుడు ఒళ్ళంత ఎత్తుగా, సున్నని దానిలో మూడింట రెండొంతులుగా ఉంచితే రెండూ కలవవు. ర మీద ఎలాగూ తలకట్టు వచ్చేస్తోంది.